మా హాల్లో అడుగులాట

మా వాడి ఉద్యోగం సమానత్వం తేవడం. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజానికి సంచీ తగిలించుకుని, తేవడానికి బయల్దేరతాడు. సాయంత్రం చేతులూపుకుంటూ తిరిగొస్తాడు. ఆ చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారని మాత్రం అడక్కండి, నాకు చిర్రెత్తుకొస్తుంది.

అదో పెద్ద సంస్థ. దేశదేశాల్లో శాఖలున్నాయి. అందులో మా వాడు ఆడా మగా సమానమని జనానికి నేర్పే శిక్షకుడు. ఆ మాటకొస్తే బాగానే చెప్తాడు. వాడి మాటలు విని కళ్ళు తుడుచుకున్న మగాళ్ళున్నారట, వాడే చెప్పాడు. కిందటేడు మెచ్చుకుని ఒక గాజు బొమ్మ బహుమతిగా ఇచ్చారు. టీవీ పక్కన పెట్టుకున్నాడు. దాని మీద దుమ్ము దులిపేది నేనే.

వాడికో అలవాటుంది. రేపు ఎక్కడైనా శిక్షణ ఉందంటే ఇవాళ సాయంత్రం మా మీద ప్రయోగం చేసి చూసుకుంటాడు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, అందరం హాల్లోకి రావాల్సిందే. ఆ ప్రయోగాల్లో అడుగులాట అని ఒకటుంది. అందరం వంటింటి గోడకి వీపులానించి వరసగా నిలబడతాం. ఎదురుగా వీధి తలుపు. వాడు ఒక్కొక్కళ్ళకీ ఒక్కో వేషం ఇస్తాడు. నువ్వు కూలీవి, నువ్వు బడి మానేసిన పిల్లవి, నువ్వు పెద్ద అధికారివి. ఆ తర్వాత కాగితం చూసి ఒక్కో వాక్యం చదువుతాడు. మన వేషానికి ఆ మాట నిజమైతే ఒక అడుగు ముందుకెయ్యాలి, కాకపోతే ఉన్నచోటే ఉండిపోవాలి. చివరికి కొందరు వీధి తలుపు దగ్గర తేలతారు, కొందరు వంటింటి గోడకే అతుక్కుపోయి ఉంటారు. అప్పుడు వాడు గొంతు బొంగురు చేసుకుని, "చూశారా, అందరం ఒకే చోట మొదలయ్యాం" అంటాడు.

నాకెప్పుడూ పెద్ద అధికారి వేషమే. పోనీలే, అమ్మ కదా అనుకునేవాడు కాబోలు. నేను నడుం బిగించి, ఠీవిగా అడుగులేసుకుంటూ, అందరికంటే ముందు తలుపు దగ్గరికి చేరిపోయేదాన్ని. మా ఆయనకి కూలీ వేషం. ఆయన గోడ దగ్గరే నిలబడి గొణుక్కుంటూ ఉండేవారు. అబద్ధమెందుకూ, నాకా ఆట భలే ఇష్టం.

మా కోడలు వేరే రకం. మాట తక్కువ, పని ఎక్కువ. కాలిపోయిన నీళ్ళ మోటార్లకి వైండింగ్ చేస్తుంది. మోటారు విప్పి, మాడిన తీగంతా పీకి పారేసి, కొత్త రాగితీగ చుట్టలు చుట్టలుగా దాని గాడుల్లో కూర్చి, వార్నిష్ పోసి ఆరబెడుతుంది. వాళ్ళ నాన్న షాపులో నేర్చుకున్న విద్య. ఇప్పుడొక శిక్షణ కేంద్రంలో ఆడపిల్లలకి అదే నేర్పుతోంది. కొత్తలో ఆ వార్నిష్ వాసనకి నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు సాయంత్రమయ్యాక ఆ వాసన రాకపోతే పిల్ల ఇంకా ఇంటికి రాలేదేమిటా అని వీధిలోకి తొంగి చూస్తాను.

మా వాడి సంస్థ వేరే దేశాలకి వలంటీర్లని పంపుతూ ఉంటుంది. సముద్రం అవతల ఏదో దేశంలో, ఊరి నీళ్ళ పంపులన్నీ ఆడవాళ్ళే నడుపుకుంటున్నారట. కానీ మోటారు కాలితే మాత్రం, మగ మెకానిక్కు ఎప్పుడు దయ చూపిస్తాడా అని బిందెలు పట్టుకుని పడిగాపులు కాయాలట. వాళ్ళకి పని నేర్పడానికి ఒక ఆడమనిషి కావాలి, ఏడాది ఉండాలి అని ప్రకటన వేశారు. మా కోడలు ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది, ఎంపికైపోయింది కూడా.

ఆఫీసులో అందరి ముందూ మా వాడు చప్పట్లు కొట్టాడట. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటేనే మొహం వేలాడిపోయింది.

"నాకేం అభ్యంతరం లేదు. నేనెందుకు వద్దంటాను? అమ్మకే పాపం కష్టం. అసలే మోకాళ్ళ నొప్పులు" అన్నాడు.

నా మోకాళ్ళ మీద వాడికింత బెంగుందని అప్పటిదాకా నాకు తెలీదు. నీళ్ళ బిందె లోపలికి మోస్తున్నప్పుడు ఆ బెంగ ఎక్కడికి పోయిందో! ఆ వారమంతా అదే పాట. వాడికి అభ్యంతరం లేదు, నా మోకాళ్ళకే ఉంది. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఒరేయ్, వలంటీరంటే ఎవర్రా?"

"డబ్బు ఆశించకుండా, ఇష్టపూర్వకంగా పనిచేసేవాళ్ళమ్మా."

"డబ్బూ ఇవ్వకుండా, ఇష్టమూ అడక్కుండా పని చేయించుకుంటే వాళ్ళనేమంటారు?"

"అది వేరేలే అమ్మా" అన్నాడు. ఆ గాజు బొమ్మ వీడికెవరిచ్చారో గానీ!

నాదొక చిన్న కోరిక చెప్పాలి ఇక్కడ. వేరే ఊళ్ళో మా అక్క ఉంది. బావగారు పోయాక ఒక్కతే ఉంటోంది. పెళ్ళిళ్ళు కాకముందు మేమిద్దరం మంచం కింద దూరి పేకాడి మా నాన్న చేత చీవాట్లు తిన్నవాళ్ళం. మనవరాలు బళ్ళో పడగానే అక్క దగ్గరికి పోయి, తనివితీరా ఉండి, కడుపునిండా పేకాడి రావాలని నా ఆశ. ఎన్నిసార్లు సంచీ సర్దానో అన్నిసార్లూ విప్పాను. ఒకసారి మా ఆయనకి ఆపరేషన్, ఒకసారి పాపకి తట్టు, ఒకసారి మా వాడికి ఏదో పెద్ద శిక్షణ. ఎవరూ నన్ను వెళ్ళొద్దని అనలేదు. ఆ మాటెవరైనా అనుంటే పోట్లాడి అయినా వెళ్ళేదాన్ని.

ఒక మధ్యాహ్నం కోడలు నా పక్కన చేరింది. బట్టలు మడతపెట్టడంలో సాయం చేస్తున్నట్టు నటిస్తూ ఒకే తువ్వాలుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"అత్తయ్యా, సంస్థ మేడమ్ మనింటికొచ్చి అందరితో మాట్లాడతారట. ఇంట్లోవాళ్ళ మాట తీసుకోందే పంపరట. పాపనీ ఇంటినీ చూసుకుంటానని మీరొక్క మాట చెప్తే చాలు."

"వాణ్ణి అడిగావా?"

"ఆయన్నా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆయన్ని ఏమని అడగను అత్తయ్యా?"

మోటారు ముందు కూర్చుంటే వాసన చూసి ఎక్కడ కాలిందో చెప్పేస్తుంది ఈ పిల్ల. ఇంట్లో ఏం కాలుతోందో మాత్రం కనపడలేదు. తీగ కోసుకుపోయిన ఆ వేళ్ళు చూస్తే జాలేసింది, వెళ్ళాలన్న ఆశతో మెరుస్తున్న కళ్ళు చూస్తే ముచ్చటేసింది, నా గతి తల్చుకుంటే ఒళ్ళు మండింది. మూడూ ఒకేసారి వస్తే మనిషేం మాట్లాడుతుంది? "చూద్దాంలే" అన్నాను. దానికి అదే చాలనిపించింది. పాపం, పాటలు పాడుకుంటూ వెళ్ళి తన పనిముట్ల పెట్టె తుడుచుకుంది.

మేడమ్ ఒక సెలవురోజు పొద్దున్న వచ్చింది. యాభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, చెమటకి తడిసిన చొక్కా. ఇల్లు కనుక్కోడానికి వీధంతా తిరిగిందట. మా వాడు ఆరోజు తనే గాజు బొమ్మ దుమ్ము దులిపాడు, నేను కళ్ళారా చూశాను.

ఆవిడ మంచినీళ్ళు తాగి, సంగతి సూటిగానే చెప్పింది. "మేం పంపిన ఆడవాళ్ళలో చాలామంది మధ్యలోనే వెనక్కొచ్చేస్తున్నారమ్మా. పని చేతకాక కాదు. పిల్లాడికి జ్వరమని, అత్తగారు పడిపోయిందని ఇంటినుంచి ఫోనొస్తుంది. మర్నాడే పెట్టె సర్దేసుకుంటారు. అక్కడివాళ్ళు సగం నేర్చుకుని దిక్కుతోచక కూర్చుంటారు. అందుకే ముందే ఇంటికొచ్చి అందరి మాటా తీసుకుంటున్నాం."

"మగ వలంటీర్ల ఇళ్ళకి కూడా వెళ్తారా మేడమ్?" అని అడిగాను.

ఆవిడ తడబడింది. "లేదమ్మా. ఆ అవసరం ఎప్పుడూ పడలేదు" అంది. అనేసి, తన మాట తనకే నచ్చనట్టు గ్లాసు అటూ ఇటూ తిప్పింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మా వాడికి ఆవిడ ముందు తన ఇల్లెంత ఆదర్శమో చూపించుకోవాలని దుగ్ధ. "మేడమ్, మా ఇంట్లో అందరికీ అడుగులాట వచ్చు. ఆడి చూపిస్తాం. ఇవాళ వేషాలు కూడా వద్దు, ఎవరు వాళ్ళలాగే ఆడదాం!" అన్నాడు. ఆవిడకి హుషారొచ్చింది. "అయితే మీరూ నిలబడండి, కాగితం నేను చదువుతాను" అంది. వాడు సంబరంగా కాగితం ఆవిడ చేతికిచ్చి, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

అయిదుగురం గోడకి ఆనుకున్నాం.

"ఎవరి వీలూ చూడకుండా నేను ఇంట్లోంచి బయటికి వెళ్ళగలను."

మా వాడు ఒక అడుగు వేశాడు. మా ఆయన ఒక అడుగు వేశారు. అధికారి అలవాటు కొద్దీ నేనూ కాలెత్తాను. ఎత్తాక గుర్తొచ్చింది, ఇవాళ నాకు వేషం లేదని. సర్దిన సంచీలు, విప్పిన సంచీలు కళ్ళముందు తిరిగాయి. కాలు మళ్ళీ కిందికే దించాను. కోడలు కాలే ఎత్తలేదు.

"ఆకలేసే వేళకి నా భోజనం ఎవరో ఒకరు సిద్ధం చేసి ఉంచుతారు."

మగాళ్ళిద్దరూ, పాపా ముందుకెళ్ళారు. మా ఆయన ఆ అడుగుతో తన వాలుకుర్చీ దగ్గరికి చేరి, ఇంకా ముందుకెళ్ళి సాధించేదేముందన్నట్టు అందులో కూర్చుండిపోయారు. "నాన్నా, ఆట అయిపోలేదు" అన్నాడు మా వాడు. "నా మటుకు నాకు అయిపోయిందిరా" అన్నారాయన.

"ఒంట్లో బాగోకపోతే పని మానేసి పడుకోగలను."

మా వాడూ పాపా మళ్ళీ వేశారు. కోడలు నా వైపు చూసింది. మొన్న దానికి జ్వరమొచ్చినప్పుడు పడుకోబెట్టింది నేనే. మొహమాటంగా ఒక అడుగు వేసింది. నన్ను పడుకోబెట్టేవాళ్ళెవరా అని ఆలోచిస్తూ నేను నిలబడే ఉన్నాను.

"నాకు ఇష్టం లేని పని చెబితే, చెయ్యనని అనగలను."

పాప ఒక్క గెంతు గెంతింది. దానికి పాలు తాగమంటే చాలు, అదే మాట. మా వాడు వేసిన అడుగుకి చెప్పుల స్టాండు కాలికి తగిలి ధడేలుమంది. వాడు కాలు పట్టుకుని, నవ్వుతూ వెనక్కి తిరిగాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా తలుపు దగ్గర చూసిన అమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది.

"అమ్మకి మోకాళ్ళ నొప్పులు మేడమ్. అందుకే నడవలేదు" అన్నాడు గబగబా.

"నా మోకాళ్ళకి ఏ రోగమూ లేదు" అన్నాను.

మేడమ్ కాగితం మడిచి పక్కన పెట్టి, వచ్చిన పనిలో పడింది. కోడలిని అడిగితే, వెళ్తానంది. మా వాణ్ణి అడిగింది.

"నాదేముంది మేడమ్, నా పూర్తి మద్దతుంది. ఇంట్లో అమ్మ ఉంది కదా" అన్నాడు.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. "అయితే అమ్మా, ఈ ఏడాదీ పాపనీ ఇంటినీ మీరు చూసుకుంటారా?"

నేనింకా గోడ దగ్గరే ఉన్నాను. కోడలు నా నోటి వంకే చూస్తోంది. ఊ అంటే అయిపోతుంది, ఏడాది ఎంతలో గడుస్తుంది, ఇన్నేళ్ళు చెయ్యలేదా అని లోపల ఒక గొంతు పోరుతోంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. నా సంచీలన్నీ విప్పించింది అదే.

"చూసుకోను" అన్నాను.

కోడలి మొహం తెల్లగా పాలిపోయింది. ఏడవలేదు, తల దించుకుని తన వేళ్ళు చూసుకుంది. నా గుండె కలుక్కుమంది. ఇంతలో తలుపు దగ్గర్నుంచి మనవరాలు అరిచింది.

"నానమ్మా, చెయ్యనన్నావుగా! అయితే అడుగెయ్యాలి! తొండి ఆడకు!"

దానికి ఆటే ఆట, మిగతాదేమీ పట్టదు. నేను గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాను. మోకాళ్ళు కిక్కురుమనలేదు.

మా వాడి మొహం చూడాలి అప్పుడు! బడికి సెలవు దొరికిన పిల్లాడిలా వెలిగిపోయింది. ఆ వెలుగుని దాచుకోడానికి నానా తంటాలు పడుతూ, "అమ్మే వద్దంటుంటే ఏం చేస్తాం మేడమ్! నేనైతే ఎంతో అనుకున్నాను" అని ఒక నిట్టూర్పు కూడా వదిలాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్! నేను వద్దన్నది నీ వంట రా, దాని ప్రయాణం కాదు! మేడమ్, పాపకి కన్నతండ్రి ఉన్నాడు. అదిగో, చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డాడు. నన్నడిగిన మాట వాణ్ణి అడగండి."

మేడమ్ నన్ను చూసింది, తర్వాత వాణ్ణి చూసింది. ఇన్ని ఇళ్ళు తిరిగినా ఆ ప్రశ్న మగాడికి వేసినట్టు లేదావిడ, మాటలు కూడదీసుకుంది. "పాపనీ ఇంటినీ మీరు చూసుకుంటారా?"

ఇంత శిక్షణ ఇచ్చినవాడు వంగి చెప్పుల స్టాండు సర్దడం మొదలెట్టాడు. "నాకు శిక్షణలుంటాయి..."

"అన్నీ ఈ ఊళ్ళోనేగా. సాయంత్రానికి ఇంటికి రావచ్చు" అంది మేడమ్.

"వంటంటే... నాకంతగా..."

"మోటారుకి తీగ చుట్టడం కూడా నాకు పుట్టుకతో రాలేదు" అంది కోడలు. మా ఇంట్లో అది గొంతెత్తి మాట్లాడగా వినడం నాకదే మొదలు. "ఎవరో నేర్పితే నేర్చుకున్నా. మీరు చూసుకుంటారా, లేదా? అది చెప్పండి చాలు."

వాడు తండ్రి వైపు చూశాడు. మా ఆయన చటుక్కున కళ్ళు మూసుకుని నిద్ర నటించారు. నా వైపు చూశాడు. చిన్నప్పుడు బళ్ళో దిగబెట్టి వచ్చేస్తుంటే సరిగ్గా ఇలాగే చూసేవాడు. అప్పుడూ వెనక్కి తిరక్కుండానే వచ్చేశాను.

"నాన్నకి జడ వెయ్యడం కూడా రాదు" అని తేల్చేసింది పాప.

"నేర్చుకుంటాలే" అన్నాడు వాడు, పాప జుట్టు వంక చూస్తూ. ఆ తర్వాత మేడమ్ వైపు తిరిగి, ఎప్పుడూ బొంగురు చేసుకునే గొంతు ఈసారి దానంతటదే బొంగురుపోగా, "చూసుకుంటాను" అన్నాడు.

మేడమ్ వెళ్ళాక కోడలు వంటింట్లోకొచ్చి నన్ను గట్టిగా వాటేసుకుని, విడిచిపెట్టి, తిట్టింది. "నా ప్రాణం పోయిందత్తయ్యా! ముందే చెప్పొచ్చుగా!"

"ముందే చెబితే వాడు నిన్ను బతిమాలేవాడు, నువ్వు నన్ను బతిమాలేదానివి, నేను కరిగిపోయేదాన్ని. నా జామీను మీద వెళ్తే, నేను ఒక్కసారి దగ్గితే నిన్ను వెనక్కి పిలిచేసేవాళ్ళు. వెళ్ళు, వెళ్ళి అక్కడి ఆడవాళ్ళకి పని పూర్తిగా నేర్పి రా" అన్నాను.

కోడలు విమానం ఎక్కిన వారానికి నేను అక్క ఊరి బస్సెక్కాను. ఈసారి సర్దిన సంచీ మళ్ళీ విప్పలేదు. మా ఆయన మాత్రం, "మరి నేను?" అన్నారు. "మీరు కూలీ వేషం ఎన్నిసార్లు కట్టలేదు, పని తెలిసే ఉంటుంది" అని చెప్పి వచ్చాను.

అక్క వీధి అరుగు మీద చాప పరిచింది. మేం ముక్కలు పంచుకున్నాం. ఆడింది ఆడినట్టే ఉన్నాం. ముసలిదైనా అక్క దొంగాట మానలేదు, జోకర్లన్నీ దాని చేతికే ఎలా వస్తాయో! రోజులు హాయిగా గడుస్తుండగా ఒక పొద్దున్న ఫోన్ మోగింది. మా వాడు.

"అమ్మా, నిన్నట్నుంచి జ్వరం. ఒళ్ళంతా నొప్పులు. పాపకి జడ వేసి, బడికి పంపి ఇప్పుడే కూర్చున్నాను. నాన్న పాలు కాచారు, సగం పొయ్యి మీదే పొంగిపోయాయి. నువ్వొక్క నాలుగు రోజులు వస్తావా?"

చేతిలో ముక్కలు చాప మీద పెట్టేశాను. కన్నపేగు, ఏం చెయ్యను? చూపు దానంతటదే గోడకి తగిలించిన సంచీ మీదికి పోయింది. అక్క నన్నూ ఆ సంచీనీ చూసి తల వంచుకుంది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. మామూలు జ్వరమే అన్నారు. మాత్రలిచ్చారు."

"దానికి ఫోన్ చేశావా?"

"లేదమ్మా. చేస్తే కంగారు పడి వచ్చేస్తుంది. ఇప్పుడిప్పుడే అక్కడి ఆడవాళ్ళు సొంతంగా మోటారు విప్పుతున్నారట. నేనేం చెప్పను."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడి ఉపన్యాసాలకి కళ్ళు తుడుచుకున్న మగాళ్ళ మాట నిజమో కాదో గానీ, నేను మాత్రం వాడి మాటకి కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి.

"వస్తావా అమ్మా?" అన్నాడు మళ్ళీ.

"రాను నాన్నా. మాత్ర వేసుకుని పడుకో. పాపని మీ నాన్న తీసుకొస్తారు, దారి తెలుసు ఆయనకి. మిగిలిన సగం పాలు తాగు" అని ఫోన్ పెట్టేశాను.

ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. ఏవీ సరిగ్గా కనపడలేదు. అక్క తన చేతిలోంచి ఒక జోకరు తీసి, ఎవరూ చూడనట్టు, నా ముందుకి తోసింది.

"నీదే ఆట" అంది.